పల్లీల్లోంచి పాలు తీసిన మాస్టారు

ఇంటర్వ్యూకి హైదరాబాదో బెంగళూరో వెళ్లినప్పుడు కాఫీ షాపు మెనూ చూసే ఉంటారు. సోయా పాలు, ఓట్ పాలు, బాదం పాలు! మన స్వీటు షాపులో దొరికే బాదం పాలు కాదండోయ్, ఆవు పాల చుక్క కూడా కలవనివి. ఇదంతా కొత్త ఫ్యాషన్ అనుకుంటాం. కానీ వందేళ్ల కిందటే ఓ మాస్టారు పల్లీలతో పాలు చేసి అమెరికా చట్టసభ సభ్యుల ముందు పెట్టారు. ఆయనే జార్జ్ వాషింగ్టన్ కార్వర్. 'కెరియర్ లేటైపోయింది' అని బాధపడుతున్నారా? అయితే ఈయన కథ మీకోసమే.

కార్వర్ 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలో బానిసగా పుట్టారు. కచ్చితమైన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. పసివాడిగా ఉండగానే దుండగులు తల్లినీ బిడ్డనీ ఎత్తుకుపోయారు. బిడ్డ దొరికాడు, తల్లి మళ్లీ కనిపించలేదు. ఊళ్లో నల్లజాతి పిల్లలకు బడి లేదు. చదువు కోసం చిన్నప్పుడే ఇల్లు వదిలి వేరే ఊరు చేరాడు. వంట చేశాడు, బట్టలుతికాడు, చదువుకున్నాడు.

కాన్సాస్‌లో ఓ కాలేజీకి దరఖాస్తు చేస్తే సీటిచ్చారు. సంబరంగా వెళ్లాడు. ఒంటి రంగు చూసి గుమ్మంలోంచే పంపేశారు. ఆఫర్ లెటర్ వచ్చాక వెనక్కి తీసుకుంటే ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయనకూ కుదుటపడటానికి కొన్నేళ్లు పట్టింది. మట్టి ఇల్లు కట్టుకుని వ్యవసాయం చేశారు. 1890లో మరో కాలేజీలో చిత్రకళ విద్యార్థిగా చేరేనాటికి వయసు పాతిక దాటింది. ఆయన గీసిన మొక్కల బొమ్మలు చూసి వృక్షశాస్త్రం చదవమని సలహా ఇచ్చింది అక్కడి టీచరే. అలా అయోవా వ్యవసాయ కళాశాలలో 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తయ్యాయి.

అదే ఏడాది అలబామాలోని టస్కేగీ విద్యాసంస్థ పిలిచింది. వెళ్లి చూస్తే ల్యాబ్ లేదు. మనమైతే ఏం చేసేవాళ్లం? కార్వర్ విద్యార్థుల్ని తీసుకెళ్లి చెత్తకుప్పల్లో సీసాలు, డబ్బాలు ఏరుకొచ్చి వాటితోనే ల్యాబ్ పెట్టేశారు.

చుట్టూ ఉన్నవి ఏళ్ల తరబడి పత్తి వేసి సారం పోయిన నేలలు, అప్పుల్లో మునిగిన కౌలు రైతులు. పల్లీ వేస్తే దాని వేళ్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిస్తాయి. అదే ఆయన చెప్పారు. 1906లో పనిముట్లు, విత్తనాలతో ఓ బండి కట్టించి పాఠాన్ని రైతుల దగ్గరికే పంపే ఏర్పాటు చేశారు. పండించిన కాయల్ని ఏం చేసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. 1916లో పల్లీలతో చేసుకోదగ్గ 105 వంటకాలతో ఓ చిన్న పుస్తకం వేశారు.

1919లో పల్లీ పాలు తీశారు. ఇలాంటి పాలు తీయడం వినడానికి సులువే. గింజల్ని నానబెట్టి, రుబ్బి, నీళ్లు కలిపి వడకట్టి కాచాలి. ఆవును కొనలేని ఇళ్లలోనూ పల్లీలు ఉంటాయి కదా! ఇది తన కొత్త ఆవిష్కరణే అనుకున్నారు. తీరా చూస్తే 1917లోనే ఇంగ్లండ్‌కు చెందిన వేరొకరు దానికి పేటెంట్ తీసుకున్నారు.

మన ప్రాజెక్టు ఐడియా అప్పటికే గూగుల్‌లో కనిపిస్తే ఫైల్ మూసేస్తాం. ఆయన మూయలేదు. 1921 జనవరిలో పల్లీ రైతుల తరఫున, దిగుమతి సుంకం విషయమై చట్టసభ కమిటీ ముందుకెళ్లారు. పది నిమిషాలే ఇచ్చారు. ఓ సభ్యుడు పుచ్చకాయ మాటెత్తి ఆయన జాతిని ఎగతాళి చేశాడు కూడా. ఆయన తొణకలేదు. పెట్టెలోంచి ఒక్కో పదార్థం తీసి చూపిస్తూ పోయారు. వాటిలో పల్లీ పాలూ ఉన్నాయి. చివరికి ఎంతసేపైనా మాట్లాడమన్నారు. తర్వాత సుంకమూ పెరిగింది.

అదే కాలంలో మన గాంధీజీ కూడా పాలకు ప్రత్యామ్నాయం వెతుకుతున్నారు. 1912లో పాలు మానేసి, తర్వాత తీవ్రంగా జబ్బుపడి మేకపాలకు ఒప్పుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో కార్వర్, గాంధీజీల మధ్య ఉత్తరాలు నడిచాయి.

ఒక్క మాట. పీనట్ బటర్ కనిపెట్టింది కార్వరేనని ఫార్వర్డులు వస్తుంటాయి. నిజం కాదు. ఇంటర్వ్యూలో చెప్పేయకండి. అలాగే మొక్కల పాలకు మారాలనుకుంటే లేబుల్ చదవండి. లాక్టోజ్ పడనివాళ్లకు ఇవి మేలే. కానీ ప్రొటీన్‌లో ఆవు పాలకు దగ్గరగా వచ్చేది సోయా. బాదంలో చాలా తక్కువ. క్యాల్షియం విడిగా కలిపారో లేదో చూసుకోండి. పల్లీ అలర్జీ ఉంటే పల్లీ పాల జోలికే వద్దు.

కార్వర్ 1943 జనవరి 5న కన్నుమూశారు. పేరు మీదున్న పేటెంట్లు మూడే, అవీ పాలవి కావు. దాచుకున్న డబ్బు పరిశోధన సంస్థకే ఇచ్చేశారు. రాయలసీమలో పుట్టిన నాకు శనక్కాయ అంటే కరువులో కూడా ఇంట్లో ఉండే వస్తువు, అంతే. ఆయన అలాంటి గింజ ముందే కూర్చుని, దీంతో ఇంకేం చేయొచ్చని ఏళ్ల తరబడి అడిగారు. మీ ముందున్నదేంటో ఇవాళ ఓసారి చూసుకోండి.