కొమురం భీం

కామారెడ్డి నుండి ఉత్తరదిశగా బయలుదేరి, ఆర్మూరు మీదుగా సాగి, సోన్ వద్ద గోదావరిని దాటి నిర్మల్ చేరిన ప్రయాణికునికి అక్కడినుండి నేల స్వరూపమే మారినట్లు తోస్తుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలోని చెరువులు, వరిమళ్లు వెనుకబడిపోతాయి. మహబూబ్ ఘాట్ ఎక్కగానే టేకుచెట్లు దారికి ఇరువైపులా నిలిచి ఎదురవుతాయి. ఆ కొండలకు తూర్పున ఉట్నూరు, కెరమెరి, ఆసిఫాబాదు ప్రాంతాలున్నాయి. గోండులు, కోలాములు తరతరాలుగా నివసిస్తున్న సీమ అది.

ఈ రెండు ప్రాంతాలనూ ఒకనాడు ఏలినవాడు ఒక్కడే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1931 నాటికి, ఎల్లారెడ్డికి సమీపాన మంజీరానదిపై నిజాంసాగర్ జలాశయం వెలసింది. మైదానపు రైతులకు నీరు దక్కింది. అదే కాలంలో ఉత్తరాన అడవిలోని రైతుకు మాత్రం ఉన్న నేల కూడ దక్కకుండ పోయింది. ఆ నేల కోసం నిలిచి ప్రాణాలు విడిచినవాడు కొమురం భీం.

భీం 1901 ప్రాంతంలో ఆసిఫాబాదు సమీపంలోని సంకేపల్లి గూడెంలో ఒక గోండు కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు చిన్నూ. గోండులకు అడవి కేవలం చెట్ల సముదాయం కాదు. పొదలు నరికి కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లి పండించే పోడు వ్యవసాయం వారి జీవనాధారం. కొన్నేళ్లు పండిన నేలను విడిచి మరొకచోటికి పోవడం, మళ్లీ అడవి ఎదిగిన తరువాత తిరిగి రావడం వారి ఆచారం. సర్కారు అడవులను రక్షితారణ్యాలుగా ప్రకటించి హద్దులు నాటడంతో ఈ ఆచారమే నేరమైంది. పశువుల మేతకు సుంకం, వంటచెరకుకు సుంకం, వాటిపై జంగ్లాతు సిబ్బంది అడిగే మామూళ్లు అదనం. కాజీపేట నుండి బల్హార్షాకు రైలుమార్గం పడిన తరువాత బయటి ప్రాంతాల రైతులు, వ్యాపారులు ఆ సీమకు విరివిగా రాసాగారు. దున్నేవాడు గోండు, పట్టా మాత్రం పట్వారీ దస్తరం తెలిసినవాని పేర. ఈ ఒక్క విషయం గ్రహించకుండ భీం జీవితాన్ని అర్థం చేసుకొనలేము.

చిన్నూ జంగ్లాతు సిబ్బంది దౌర్జన్యానికి బలియైనాడని, అప్పటికి భీంకు పదిహేనేళ్ల వయస్సని పెద్దలు చెప్పుకొంటారు. ఆ కుటుంబం సుర్దాపూర్‌కు తరలిపోయి అక్కడ నేల సాగుచేసుకొన్నది. పంట చేతికి వచ్చే వేళ సిద్దిఖ్ అనే వ్యక్తి ఆ భూమి తనదని వచ్చాడు. తగవు పెరిగింది. భీం కొట్టిన దెబ్బకు అతడు మరణించాడు. ఆ క్షణంలో భీం ఒక ఉద్యమకారుడు కాడు. కోపం ఆపుకొనలేని యువకుడు మాత్రమే. శిక్షకు భయపడి ఊరు విడిచి పారిపోయాడని చెప్పడం వలన ఆయన గౌరవానికి లోటేమీ లేదు.

ఆ పలాయనమే ఆయనకు పాఠశాల అయింది. బల్హార్షా, చాందా ప్రాంతంలో విఠోబా అనే ముద్రణాలయ నిర్వాహకుని వద్ద భీం పనికి కుదిరాడు. అక్షరం ముఖమెరుగని గోండు యువకుడు అచ్చు అక్షరాల నడుమ ఉర్దూ, హిందీ, కొంత ఇంగ్లీషు నేర్చుకొన్నాడు. కొంతకాలానికి విఠోబాను ప్రభుత్వం నిర్బంధించడంతో ఆ నీడ తొలగిపోయింది. అక్కడినుండి భీం అస్సాం వెళ్లి తేయాకు తోటలలో కూలిగా నాలుగేళ్లకు పైగా గడిపాడు. అక్కడ కూలీల పక్షాన మాట్లాడి చెరసాల పాలై, తప్పించుకొని తిరిగి వచ్చాడని కథనం. ఈ ఘట్టాలకు ఆధారం గోండుల జ్ఞాపకమే. అయితే దానిని తక్కువగా చూడనక్కరలేదు. వంశచరిత్రలను పాటలుగా నిలుపుకొన్న జాతి అది.

తిరిగి వచ్చిన భీం కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ అనే గ్రామపెద్ద వద్ద జీతానికి కుదిరాడు. పటేల్‌కు ఒక భూమి వ్యాజ్యం ఉండేది. భీం తాను నేర్చిన చదువుతో కాగితాలు చూచి, ఆసిఫాబాదు కచేరీ చుట్టూ తిరిగి ఆ వ్యాజ్యం గెలిపించాడు. చుట్టుపట్ల గూడెములలో ఆయన పేరు మొదట వినబడింది ఈ కాగితపు గెలుపు వలననే. సోంబాయితో వివాహం జరిగినది కూడ ఈ కాలంలోనే.

అనంతరం భీం తనవారితో బాబేఝరి చేరి అడవి కొట్టి పొలాలు చేశాడు. జంగ్లాతు సిబ్బంది వచ్చి ఖాళీ చేయమన్నారు, ఇండ్లు తగులబెట్టారు. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి మొదలైన పన్నెండు గూడెముల వారిని భీం కూడగట్టాడు. అయినను ఆయన వెంటనే ఆయుధం పట్టలేదు. అర్జీలు పెట్టాడు. ఆసిఫాబాదు అధికారులతో మాట్లాడాడు. హైదరాబాదు వరకు పోయి నిజాం ప్రభుత్వానికి మొరపెట్టుకొనుటకు యత్నించాడు. సాగుచేసిన నేలపై హక్కు, గూడెములలో తమ వ్యవహారం తామే చక్కబెట్టుకొనే అధికారం ఆయన కోరినవి. జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలు నేటికీ ఆయన పేరుతోనే ముడిపడి ఉన్నాయి. హైదరాబాదు నుండి ఆయన రిక్తహస్తాలతో తిరిగి వచ్చాడు.

అటుపిమ్మట జోడేఘాట్ గుట్టలు కోటగా మారాయి. బరిసెలు, కత్తులు, విల్లంబులు, కొన్ని నాటు తుపాకులు. ఇంతే ఆయన సేనకు ఉన్న సంపత్తి. గుట్టల ఎత్తు, దారుల ఇరుకు తెలిసిన గోండు యువకులు అధికార బలగాలను కొంతకాలం నిలువరించారు. 1940 అక్టోబరులో, ఆశ్వయుజ పౌర్ణమి నాటి రాత్రి, తమవాడే ఒకడు దారి చూపగా సాయుధ పోలీసులు కొండపైకి చేరుకొన్నారని ఆ ప్రాంతపు కథనం. వెన్నెల వెలుగులో జరిగిన కాల్పులలో భీం, ఆయన అనుచరులలో పలువురు నేలకొరిగారు.

తరువాత జరిగిన సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. ఆదివాసులు ఇంతగా ఎందుకు తిరుగబడ్డారో తెలుసుకొనవలసిన అవసరం అప్పుడు సర్కారుకు కలిగింది. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ ఆ పనికి నియుక్తుడయ్యాడు. ఆయన భార్య బెట్టీతో కలసి మార్లవాయి గూడెంలో నివసించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశాడు. ఆ నివేదికల ఫలితంగా 1940 దశకంలో లక్షన్నర ఎకరాలకు పైగా భూమికి ఆదివాసుల పేర పట్టాలు వచ్చాయి. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులే వచ్చి ఫిర్యాదులు వినే దర్బారు ఏర్పడింది. భీం హైదరాబాదుకు మోసుకొనిపోయిన అర్జీలో ఉన్న కోరికలు ఇంచుమించు ఇవే గదా! స్వపరిపాలన ఒక్కటి మాత్రం దక్కలేదు.

చాలాకాలం భీం కథ ఆ కొండలు దాటి రాలేదు. సాహు, అల్లం రాజయ్య కలసి రచించిన నవల ఆయనను తెలుగు పాఠకులకు పరిచయం చేసింది. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో 1990లో కొమురం భీం చలనచిత్రం రూపొందింది. భూపాల్‌రెడ్డి భీం పాత్రను ధరించాడు. ఆ చిత్రానికి రాష్ట్ర ప్రభుత్వ నంది బహుమతి లభించింది. అయినను థియేటర్లకు రావడానికి దానికి మరి ఇరువది ఏళ్లు పట్టింది. 2010లో గాని విడుదల కాలేదు. 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. చిత్రం భీం పేరును ప్రపంచమంతటా వినిపించిన మాట నిజమే. కాని అల్లూరి సీతారామరాజుతో ఆయన స్నేహం అందులో కేవలం కల్పన. వారిద్దరు కలసినట్లు చరిత్రలో లేదు. భీంను ఎరుగగోరే విద్యార్థి మొదట చూడదగినది ఆడంబరం లేని ఆ పాత చిత్రమే.

2016లో ఆసిఫాబాదు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు భీం పేరు పెట్టారు. అదే సంవత్సరం జోడేఘాట్‌లో స్మారక మ్యూజియం ప్రారంభమైంది. భీం మరణించిన తేదీ విషయంలో గ్రంథాలు ఏకీభవించవు. ఒకటి సెప్టెంబరు అంటే మరొకటి అక్టోబరు అంటుంది. గోండులకు ఆ చిక్కు లేదు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు వారు జోడేఘాట్ చేరి, తమ సంప్రదాయం ప్రకారం ఆయనకు పూజలు జరిపి, ఆ నాటికే వర్ధంతి జరుపుకొంటారు.