జాన్ రాక్ వైద్యుఁడు

బిడ్డలు లేని తల్లుల దుఃఖమును తీర్పఁబూని, గర్భనిరోధక మాత్రకు కారకుఁడైన వైద్యుని చరిత్రము మా విద్యార్థుల కెఱిఁగించుచున్నాము.

జాన్ రాక్ 1890వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, మార్ల్‌బరో పట్టణమందు, కతోలిక కుటుంబమున జన్మించెను. హార్వర్డులో వైద్యమభ్యసించి, సంతానహీనలకు చికిత్స చేయుటయే వ్రతముగాఁ గైకొనెను.

గర్భిణీ దేహమందు ప్రొజెస్టెరోన్ అను హార్మోను అధికముగా నూరి, క్రొత్త అండము విడుదల కాకుండ నాపును. దానిని, ఈస్ట్రోజెను జాతి మందుతోఁ గూడ, రాక్ 80 మంది స్త్రీలకు కొన్ని నెలలిచ్చి మానిపింపఁగా 13 మంది గర్భవతులైరి. వాడుచున్నంత కాలము ఆ మందే గర్భమును నిరోధించును. ఈ సూత్రముతో ఆయనయు గ్రెగరీ పింకసును మాత్రను పరీక్షించిరి. 1956లో ప్యూర్టోరికోలో విస్తృత పరీక్షలు మొదలయ్యెను. మాత్ర యింకను పరీక్షాదశలో నున్నదని అచ్చటి స్త్రీలకు సరిగాఁ దెలుపకుండుట గొప్ప లోపము. 1960లో అమెరికా ప్రభుత్వము గర్భనిరోధమునకై దాని ననుమతించెను.

మాత్ర ప్రకృతి మార్గము ననుసరించునది గనుక తన సంఘ మంగీకరించునని నమ్మి, రాక్ 1963లో గ్రంథము ప్రకటించెను. 1968లో పోపు ఆరవ పౌలు నిరాకరించిరి. రాక్ తన యభిప్రాయమును మార్చుకొనలేదు. 1984లో మరణించెను.

ఈ వివాదమున మేము తీర్పరులము కాము. రోగుల కన్నీటిని, తన మనస్సాక్షిని రెంటిని మఱువక శ్రమించిన యాయన పట్టుదల మాత్రము విద్యార్థులకు స్మరణీయము.