చెట్లు నాటించిన రాజు

ఊరి నడిమధ్య రోడ్డు మీదున్న ముసలి చింతచెట్టును కొట్టాలా, ఉంచాలా అన్న మాట పంచాయతీ సమావేశానికి వచ్చిందంటే సభ్యులు రెండు పక్షాలు కావడం మామూలే. కొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడితే ఎవరు జవాబుదారీ అని ఒకరంటారు. బస్సు కోసం నిలబడే ఆడవాళ్లకు ఆ నీడ తప్ప వేరే దిక్కేదని ఇంకొకరంటారు. ఆ మాటల్లో ఎవరో ఒకరు అశోకుని పేరు ఎత్తక మానరు. రెండో తరగతితో బడి మానేసిన వారికి కూడా అశోకుడు బాటలకు ఇరుపక్కలా చెట్లు నాటించిన సంగతి గుర్తుంటుంది. ఆయన గురించి మిగతాదంతా మరచిపోయినా ఇదొక్కటి మరవరు. అయితే ఆ చెట్లు నాటించినది ఎటువంటి మనిషి, ఎందుకు నాటించాడు, చెట్టు ఎండిపోయే వేళ ఏం చేశాడు అన్నది బడి పుస్తకాల్లో అంతగా కనబడదు.

చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు అశోకుడు. రాజధాని పాటలీపుత్రం, అంటే నేటి పాట్నా. తండ్రి బతికుండగానే ఉజ్జయినికి ప్రతినిధిగా వెళ్లాడు. దారిలో విదిశ పట్టణాన దేవి అనే వర్తకుని కూతురిని చేపట్టాడని, మహేంద్రుడు, సంఘమిత్ర వారి బిడ్డలని సింహళ బౌద్ధ గ్రంథాలు చెబుతున్నాయి. సంఘమిత్ర పేరు గుర్తుంచుకోవాలి. చెట్టు కథలో ఆమెకు పని ఉంది.

తండ్రి పోయాక గద్దె తేలికగా దక్కలేదు. నాలుగేళ్ల తగవు తర్వాత క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం జరిగింది. తొంభై తొమ్మిది మంది అన్నదమ్ములను చంపించాడని ఒక కథ ఉంది గాని నమ్మదగినది కాదు. తర్వాత వేయించిన శాసనాల్లో తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్ల ప్రస్తావన ఆయనే తెచ్చాడు. బౌద్ధం పుచ్చుకోక ముందు ఎంత క్రూరుడుగా చూపితే తర్వాతి మార్పు అంత గొప్పగా కనబడుతుందని కథకుల ఆశ కాబోలు.

పట్టాభిషేకం జరిగిన ఎనిమిదేళ్లకు కళింగ యుద్ధం వచ్చింది. కళింగం అంటే గోదావరికి ఉత్తరాన, నేటి ఒడిశా తీరం వెంట ఉన్న దేశం. లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని పట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్లు మంది ఆ తర్వాత చనిపోయారని లెక్క. ఈ లెక్క శత్రువులు రాసింది కాదు, గెలిచిన రాజు తానే బండ మీద చెక్కించుకున్నది. గెలిచిన వాడు తన గెలుపుకు పశ్చాత్తాపపడుతున్నానని ప్రజలకు చెప్పుకోవడం చరిత్రలో అరుదు. అదే శాసనంలో తన ఏలుబడిలోని జనాల పేర్లలో ఆంధ్రుల పేరు కూడా ఉంది.

బండ మీద ఆజ్ఞ

ఆ శాసనాలు చూడటానికి పాట్నా వెళ్లనక్కరలేదు. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడి గుట్ట మీద బండలపై అశోకుని పద్నాలుగు పెద్ద శాసనాలు, చిన్న శాసనాలు చెక్కి ఉన్నాయి. 1929లో ఇవి బయటపడ్డాయి. వాటి లిపిని ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు దొర 1837లోనే చదివాడు. అయితే ఆ రాజు తన పేరు దాదాపు ఎక్కడా వేసుకోలేదు, దేవతలకు ఇష్టుడు అన్న బిరుదుతోనే సరిపెట్టుకున్నాడు. అశోకుడన్న పేరు 1915లో మస్కి బండ మీద కనబడింది. మస్కి అప్పట్లో ఖమ్మం లాగే నిజాం రాజ్యంలోనిది.

పెద్ద శాసనాల్లో రెండోది చెట్ల శాసనం. తన రాజ్యంలోనూ, ఎల్లలకు అవతల చోళ, పాండ్య, కేరళ దేశాల్లోనూ, సింహళంలోనూ మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేయించానని అందులో ఉంది. మందు మొక్కలు, వేర్లు, పండ్ల మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించినట్లు, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించినట్లు కూడా ఉంది. ఇక్కడ గమనించదగ్గది, ఆ చెట్లు మనుషుల కోసమే అనలేదు, మనుషులకూ పశువులకూ అన్నాడు. ఆనాడు దారిన పోయేవన్నీ ఎద్దుల బళ్లు, కాలినడక బాటసారులు. మిట్టమధ్యాహ్నం ఎద్దును విప్పి కట్టడానికి ఒక చెట్టు, తాపడానికి ఒక బావి దగ్గర దగ్గరలో లేకపోతే బండి సాగదు. నీడా నీరూ ఒకే ఆజ్ఞలో కలిసి ఉండటానికి కారణం అదే.

ఏ చెట్లో కూడా వేరొక చోట చెప్పాడు. ఏలుబడి ఇరవై ఏడో ఏట వేయించిన స్తంభ శాసనంలో నీడకు మర్రిచెట్లు, వాటితోపాటు మామిడి తోపులు పెట్టించానన్నాడు. మర్రి తొందరగా పెరిగే చెట్టు కాదు. నాటిన వాడికి దాని నిండు నీడ దక్కదు. ఊడలు దిగి కొమ్మకు కొమ్మే స్తంభం కట్టుకుంటుంది గనుక, పక్కన ఆపకపోతే తరాల తరబడి పోదు. ఈ రోజుల్లో రోడ్ల మధ్య రెండేళ్లలో పచ్చగా కనబడాలని కోనోకార్పస్ వంటివి నాటి, ఆ తర్వాత అవి వద్దనుకున్న సంగతి తెలిసిందే. అశోకుడు అంత ఆత్రపడలేదు.

ఆ శాసనంలోనే మరో మాట ఉంది. చెట్లు, బావులు, సత్రాలు తన సొంత గొప్పేమీ కాదని, మునుపటి రాజులు కూడా జనాన్ని ఇలా సుఖపెట్టారని, జనం ధర్మం తప్పకుండా నడవాలనే తాను ఇది చేశానని చెప్పుకున్నాడు. శిలాఫలకాల మీద పేర్లు వేయించుకునే నేటి వారు ఈ శాసనం ఒకసారి చదివితే బాగుండును.

పరిషత్తు, రజ్జుకులు

అంత పెద్ద రాజ్యంలో ఎక్కడో పెట్టిన మొక్కకు నీళ్లెవరు పోస్తారు? అందుకు ఆయన రజ్జుకులనే అధికారులను పెట్టాడు. రజ్జు అంటే తాడు. తాడుతో భూమి కొలిచేవారు కనుక ఆ పేరు వచ్చిందని పండితుల ఊహ. ఒక్కొక్క రజ్జుకుని కింద లక్షల జనం ఉండేవారు. పసిబిడ్డను నేర్పు గల దాదికి అప్పగించి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉన్నట్టు జనాన్ని వారికి అప్పగించానని రాజు చెప్పుకున్నాడు. ఎర్రగుడి చిన్న శాసనం ప్రకారం రాజాజ్ఞను రజ్జుకుడు పల్లె జనానికి భేరి మోగించి తెలపాలి. మన పల్లెల్లో దండోరా వేసినట్టే.

పాటలీపుత్రంలో రాజుకు ఒక సభ ఉండేది. దాని పేరు పరిషత్తు. జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు అనడంలో మనం వాడుతున్నది ఆ మాటే. తాను నోటితో ఇచ్చిన ఆజ్ఞ మీద పరిషత్తులో వాదోపవాదాలు వస్తే, ఎవరైనా అడ్డు చెబితే, ఆ సంగతి వెంటనే తనకు తెలపాలని రాజు ఆదేశించాడు. తాను భోజనానికి కూర్చున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ఫరవాలేదు, వచ్చి చెప్పవచ్చు అన్నాడు. రాజు మాటకు సభలో ఎదురు చెప్పే వారుండేవారని దీన్నిబట్టి తేలుతున్నది.

ఇరవై ఆరో ఏట మరో ఆజ్ఞ వచ్చింది. చిలుక, గోరింక, తాబేలు మొదలైన ఎన్నో ప్రాణులను చంపరాదు. అడవిని పని లేకుండా గాని, ప్రాణులను చంపడానికి గాని తగలబెట్టరాదు. వంట విషయంలోనూ ముందే కట్టుబాటు పెట్టుకున్నాడు. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజుకు లక్షల ప్రాణులు తెగేవట, అది రెండు నెమళ్లకు, ఒక లేడికి తగ్గింది, ఆ లేడి కూడా రోజూ కాదు. వంటవారు సంతోషించారో లేదో తెలపలేదు.

అడవి జనానికి చెప్పిన మాట

గోదావరి అడవి అంచున బతికేవారు తెలుసుకోదగ్గ సంగతి ఒకటి కళింగ శాసనంలోనే ఉంది. పశ్చాత్తాపం చెప్పుకున్న రాజు అక్కడే, తన రాజ్యంలోని అడవి జనాన్ని బుజ్జగిస్తూనే హెచ్చరించాడు. తనకు విచారం ఉన్నా శిక్షించే బలం కూడా ఉందని, చంపించుకోకుండా నడత మార్చుకోవాలని కబురు పెట్టాడు. శాసనంలోని మాట అటవి. మన అడవికి దగ్గరి మాటే.

దారి మీద చెట్టు రాజుది, అడవిలో చెట్టు అక్కడి వారిది. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలన్న తగవు అశోకునితో తీరలేదు. రేకపల్లి ప్రాంతం 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. పోడు మీద పన్ను మూడింతలైంది, కొన్ని చోట్ల గొడ్డలి పెట్టవద్దన్నారు. 1879లో రంప పితూరీ రాజుకున్నప్పుడు ఆ జనం అందులో కలిశారు. పని లేకుండా అడవి తగలబెట్టవద్దన్న అశోకుని మాట మంచిదే గాని, ఏది పని, ఏది కాదు అని నిర్ణయించేది ఎవరన్నదే అసలు చిక్కు. పోడు కొట్టుకునే వానికి అది అన్నం.

రాణి కోపం, చెట్టు బాధ

గయ దగ్గర బుద్ధునికి జ్ఞానం కలిగిన రావిచెట్టు అంటే అశోకునికి ప్రాణం. విలువైన రత్నాలన్నీ బోధికే పంపేవాడట. తిష్యరక్షిత అనే రాణి బోధి అంటే ఎవరో సవతి అనుకుని, మంత్రగత్తె చేత ఆ చెట్టుకు దారం కట్టించిందని అశోకావదానం కథ చెబుతుంది. ఆకులు వాడిపోయాయి. కబురు విని రాజు మూర్ఛపోయాడు. చెట్టు పోతే తాను కూడా ఉండనన్నాడు. అది ఆడమనిషి కాదు చెట్టని తెలిసి రాణి భయపడి దారం విప్పించింది. వేర్ల చుట్టూ తవ్వి రోజూ వేయి కుండల పాలు పోయగా చెట్టు మళ్లీ చిగిర్చిందట. సింహళ గ్రంథాల్లో మాత్రం రాణి విషపు ముల్లుతో చెట్టును చంపేసింది. కథలే గాని, వేర్ల చుట్టూ తవ్వి పోషించడం కథ కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ కూలినప్పుడు అటవీ శాఖవారు చేసింది అలాంటిదే. సెలైన్ సీసాల్లో చెదల మందు నింపి చుక్క చుక్కగా ఎక్కించారు, బరువు మోయలేని కొమ్మల కింద స్తంభాలు నిలబెట్టారు.

చెట్టుకు ముప్పు రాకముందే అశోకుడు ఇంకొక పని చేశాడు. సింహళ రాజు దేవానాంప్రియ తిష్యుడు కోరగా రావిచెట్టు కొమ్మను వేర్లు తొడిగించి, భిక్షుణి అయిన కూతురు సంఘమిత్ర చేతికిచ్చి ఓడ ఎక్కించాడు. దానిని అనూరాధపురంలో నాటారు. గయలో తల్లిచెట్టు ఎన్నోసార్లు పోయింది. 1876లో గాలివానకు కూలినప్పుడు దాని సంతతి మొక్కనే అక్కడ మళ్లీ పెట్టారు.

మన దగ్గర తగవు మాత్రం పెద్దదవుతూనే ఉంది. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డుకు ఇరువైపులా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయాలా వద్దా అన్న వ్యాజ్యం జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్లతరబడి నడిచింది. 2025 నవంబరులో ఆ దారిలోనే కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. రోడ్డు ఇరుకని చెప్పే వారి మాట కొట్టివేయదగింది కాదు. చెట్లు కావాలనే వారి మాట కూడా అంతే. పల్లెల్లో మాత్రం పంచాయతీ తీర్మానం ఒక్కటే చాలదు. 2002 నాటి వాల్టా చట్టం కింద అధికారి అనుమతి తీసుకోవాలి, కొట్టిన దానికి బదులు నాటాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలన్న బాధ్యత సర్పంచ్ మీద పడింది. అయితే బతికిన మొక్క ఎన్నేళ్లకు చింతచెట్టంత అవుతుందో లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు.

అశోకుడు ముప్పయి ఏడేళ్ల దాకా ఏలి క్రీ.పూ. 232 ప్రాంతంలో మరణించాడు. చివరి రోజులు దుర్భరంగా గడిచాయని అవదానం చెబుతోంది. దానధర్మాలకు ఖజానా ఖాళీ అవుతోందని మంత్రులు ఆయన చేతులు కట్టేశారట. బంగారు పళ్లెం ఇస్తే అది కూడా దానం చేశాడు, వెండిది, ఇనుపది ఇచ్చినా అంతే. చివరికి తనదంటూ సగం ఉసిరికాయ మిగిలింది. అది కూడా విహారానికి పంపాడు. అక్కడి భిక్షువులు దానిని మెదిపి, అందరికీ వచ్చేలా పులుసులో కలిపారట. ఆయన పోయిన యాభై ఏళ్లకే మౌర్య రాజ్యం అంతరించింది.

ఆయన నాటించిన మర్రిచెట్లు, మామిడి తోపులు ఇప్పుడు లేవు. అనూరాధపురం రావిచెట్టు ఉంది. నాటిన కాలం తెలిసిన చెట్లలో లోకమంతటా అంత పాతది మరొకటి లేదంటారు. దాని కొమ్మలకు కింద ఊతకర్రలు పెట్టారు, చుట్టూ ప్రహరీ కట్టారు, దాని పిలకలు తీసి ఇతర ఊళ్లలో నాటుతున్నారు.