తండ్రి వెంట హిమాలయాలకు

కలకత్తా నగరంలోని జొరాసాంకో ప్రాంతంలో ఠాకూర్ వంశస్థుల పెద్ద భవంతి ఉంది. రవీంద్రనాథ ఠాకూర్ 1861వ సంవత్సరం మే 7వ తేదీన ఆ భవంతిలోనే జన్మించాడు. తల్లి శారదాదేవి. తండ్రి దేవేంద్రనాథ ఠాకూర్ బ్రహ్మసమాజ నాయకుడు. ప్రజలు ఆయనను మహర్షి అని గౌరవంగా పిలిచేవారు. ఇల్లు సంపన్నమైనదే. ఇంటినిండా అన్నలు, అక్కలు, వదినలు, మేనల్లుళ్ళు. అయినా పిల్లలలో చిన్నవాడైన రవి బాల్యం చాలావరకు నౌకర్ల చేతులలోనే గడిచింది.

ఆ నౌకర్లకు పిల్లలను ఆడించే ఓపిక ఉండేది కాదు. వారిలో శ్యామ్ అనేవాడు రవిని ఒక గదిలో కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గిరి గీసి, అది దాటితే ప్రమాదమని బెదిరించి తన దారిన తాను పోయేవాడు. లక్ష్మణుడు గీసిన గీత దాటి సీతాదేవి ఎన్ని కష్టాలు పడిందో రవి విని ఉన్నాడు. అందుచేత ఆ గిరి లోపలినుంచి కదిలేవాడు కాదు. అదృష్టవశాత్తు ఆ గదికి ఒక కిటికీ ఉంది. కిటికీ కింద చెరువు, దాని గట్టున ఊడలు దిగిన మర్రిచెట్టు, ఒక పక్క కొబ్బరిచెట్ల వరుస. స్నానానికి వచ్చే ఇరుగుపొరుగు వారిని, నీటిలో ఈదే బాతులను, మర్రి ఊడల చీకటిని చూస్తూ పూటలకు పూటలు గడిపేవాడు. చెట్టూ చేమా అంటే అతనికి కిటికీ ఊచల అవతల ఉండేవే.

బడి అంతకంటె మేలుగా లేదు. ఒక బడి తరువాత మరొక బడి మార్చారు. ఏ బడిలోను రవి మనసు నిలువలేదు. నాలుగు గోడల మధ్య వరుసగా వేసిన బల్లలు, వల్లె వేయవలసిన పాఠాలు అతనికి ఊపిరాడనిచ్చేవి కావు. ఈ పిల్లవాడికి చదువు అబ్బదేమోనని పెద్దలకు దిగులు పట్టుకుంది.

ఇక తండ్రి సంగతి. దేవేంద్రనాథుడు ఏడాదిలో చాలాకాలం దూరప్రాంతాలలో సంచారం చేస్తుండేవాడు. ఎప్పుడైనా ఇంటికి వస్తే ఇల్లంతా ఒక్కసారిగా అణిగిపోయేది. పిల్లలు చప్పుడు చేయకుండా తలుపుచాటునుంచి తొంగి చూసేవారు. రవికి తండ్రి ఎంతో గొప్పవాడని తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు.

1873వ సంవత్సరం ఆరంభంలో రవికి ఉపనయనం జరిగింది. అప్పుడతనికి పదకొండేళ్ళు నిండి పన్నెండో ఏడు నడుస్తున్నది. ఆ సందర్భంగా తల నున్నగా గొరిగించారు. ఈ గుండుతో బడికి పోతే తోటిపిల్లలు ఎంత ఏడిపిస్తారో అని అతడు దిగులుపడుతున్న సమయంలో మేడమీదనుంచి తండ్రి పిలుపు వచ్చింది. తనతో హిమాలయాలకు వస్తావా అని తండ్రి అడిగాడు. ఆకాశం బద్దలయ్యేలా కేక వేయాలనిపించింది రవికి. అన్నలుగాని, మేనల్లుడుగాని లేకుండా తండ్రీ కొడుకులే బయలుదేరారు. వెంట పరిచారకులు మాత్రం ఉన్నారు.

మొదటి మజిలీ బోల్‌పూర్. దేవేంద్రనాథుడు అక్కడ 1863లో ఇరవై బిఘాల బీడుభూమిని కౌలుకు తీసుకొని, ఏడాకుల పాలచెట్లున్న చోట ఒక ఇల్లు కట్టించి, దానికి శాంతినికేతన్ అని పేరు పెట్టాడు. రైలు దిగేసరికి సాయంకాలమైంది. పల్లకిలో పోతూ రవి కళ్ళు గట్టిగా మూసుకున్నాడట. మసకచీకటిలో సగం సగం చూస్తే మరునాటి ఉదయపు ఆనందం తగ్గిపోతుందని అతని భయం! పట్నంలో పుట్టి పెరిగిన ఆ బాలుడు అంతవరకు వరిచేను చూచి ఎరుగడు. చేలు, గోపబాలురు కనబడతారని ఎంతో ఆశతో తెల్లవారి లేచి చూస్తే ఎటు చూసినా ఎర్రని బీడు తప్ప మరేమీ లేదు. అయినా ఆ బీడును చూచి అతడు నిరాశ చెందలేదు. గిరి గీసి కూర్చోబెట్టేవారు అక్కడ ఎవరూ లేరు. ఎంతదూరం పోయినా తండ్రి అడ్డు చెప్పలేదు.

ఆ నేలలో వాననీరు ఎర్రటి గరుకుమట్టిని కోసి చిన్న చిన్న లోయలు, గుట్టలు చేసి ఉంచింది. విశాఖపట్నం దగ్గర భీమునిపట్నం ఎర్రమట్టిదిబ్బలను చూచినవారు ఈ దృశ్యాన్ని సులభంగా ఊహించుకోగలరు. రవికి అవి మరుగుజ్జుల దేశంలోని పర్వతాలుగా, నదులుగా తోచాయి. పొద్దస్తమానం వాటిలో తిరిగి, రంగురంగుల రాళ్ళు ఏరి, చొక్కా చెంగునిండా నింపుకొని తండ్రి దగ్గరకు పరుగెత్తేవాడు. సాధారణంగా ఇటువంటి సమయంలో పెద్దలు ఏమంటారో పిల్లలందరికీ తెలిసినదే. చొక్కా మాసిందని కోప్పడతారు, లేదా రాళ్ళు అవతల పారవేయమంటారు. దేవేంద్రనాథుడు ఒక్కొక్క రాయిని చేతిలోకి తీసుకొని సంతోషంగా చూశాడు. అక్కడ చెరువు తవ్వబోయి మధ్యలో విడిచిపెట్టడం వలన ఒక మట్టిదిబ్బ ఏర్పడి ఉంది. ఆయన తెల్లవారుజామున ఆ దిబ్బమీద తూర్పుముఖంగా కూర్చొని ధ్యానం చేసుకొనేవాడు. ఆ రాళ్ళతో తన దిబ్బను అలంకరించమని కొడుకును కోరాడు. ఇక రవి ఉత్సాహానికి అంతులేదు.

మరొకనాడు లోయలో ఒకచోట నేలలోనుంచి ఊరిన నీరు గుంటగా నిలిచి, తేటగా పొంగి పారుతుండడం రవి కంటబడింది. చిన్న చిన్న చేపలు ఆ పారుదలకు ఎదురీదుతున్నాయి. ఆ నీరు తాగడానికి, స్నానానికి బాగుంటుందని వచ్చి తండ్రితో చెప్పాడు. తండ్రి వెంటనే ఒప్పుకొని, ఆ నీటినే ఇంటికి తెప్పించే ఏర్పాటు చేశాడు. ఇంటికి అంతవరకు నీటికొరత ఉన్నదని కాదు. కనుగొన్నవాడికి దక్కవలసిన గౌరవం దక్కాలని ఆయన ఉద్దేశం.

బాధ్యతలు కూడా అప్పగించాడు. కొద్దిపాటి చిల్లర ఇచ్చి లెక్క రాయమన్నాడు. రోజూ తన బంగారు గడియారానికి కీ ఇచ్చే పని కొడుకుదే. రవి మితిమీరిన శ్రద్ధతో కీ తిప్పి తిప్పి గడియారం చెడగొట్టాడు. దానిని బాగుచేయడానికి కలకత్తాకు పంపవలసి వచ్చింది. చిల్లర లెక్క ఏనాడూ సరిపోయేది కాదు. ఒకసారి ఖర్చులు పోను ఉండవలసిన దానికంటె ఎక్కువ సొమ్ము మిగిలింది! రవి చేతిలో డబ్బు పెరుగుతున్నది కనుక తన ఖజానా అతనికే అప్పగించాలని తండ్రి నవ్వాడు.

బోల్‌పూర్‌లో ఉన్నన్నాళ్ళు రవి ఒక లేత కొబ్బరిచెట్టు కింద కాళ్ళు చాపుకొని కూర్చొని, పృథ్వీరాజు పరాజయాన్ని గురించి కావ్యం రాశాడు. ఆ కావ్యం తరువాత ఎక్కడో పోయింది. అక్కడినుంచి తండ్రీ కొడుకులు అలహాబాదు, కాన్పూరు మొదలైన చోట్ల ఆగుతూ అమృత్‌సర్ చేరారు. దాదాపు నెలరోజులు అక్కడ ఉన్నారు. ఉదయం పూట స్వర్ణదేవాలయానికి కాలినడకన పోయేవారు. సాయంత్రం తోట ఎదుటి వరండాలో తండ్రి చేతులు జోడించి, తల వంచుకొని కూర్చొనేవాడు. వెన్నెలలో రవి బ్రహ్మసమాజ గీతాలు పాడేవాడు.

ఏప్రిల్ మధ్యలో డల్హౌసీ కొండలకు ప్రయాణమయ్యారు. ఆ ఊరు ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. కొండవాలులో మెట్లు మెట్లుగా ఉన్న చేలు వసంతపు పైరుతో నిండి ఉన్నాయి. ఏ మలుపు తిరిగినా కొత్త లోయ, కొత్త జలపాతం. ఇంత అందమైన చోట ఆగకుండా ముందుకు ఎందుకు పోతున్నామా అని రవికి బాధ కలిగేది. దారి ఖర్చుల పెట్టె కూడా అతని వశంలోనే ఉంది. ఒక మజిలీలో దానిని బంగళా బల్లమీద మరచిపోయి తండ్రిచేత చీవాట్లు తిన్నాడు.

చీకటి పడగానే దేవేంద్రనాథుడు బంగళా బయట కుర్చీ వేయించుకొని కూర్చొనేవాడు. కొండగాలికి తేటపడిన ఆకాశంలో నక్షత్రాలు చేతికందేటంత దగ్గరగా వెలిగేవి. ఆయన ఒక్కొక్క నక్షత్రమండలాన్నీ చూపించి పేరు చెప్పేవాడు. ఏది గ్రహమో, ఏది నక్షత్రమో, సూర్యునికి ఏ గ్రహం ఎంత దూరంలో ఉందో, ఎంతకాలంలో ఒక ప్రదక్షిణం చేస్తుందో వివరించేవాడు. ప్రాక్టర్ అనే ఆంగ్ల రచయిత పుస్తకంలోని ఖగోళ విషయాలను తేలికమాటలలో చెప్పేవాడు. రవి విన్నది విన్నట్లు వదిలివేయక బెంగాలీలో రాసుకొనేవాడు. వచనంలో అతని తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

వారి నివాసం బక్రోటా అనే కొండ కొనమీద. మే నెల వచ్చినా నీడ పట్టున మంచు కరగలేదు. అక్కడ దినచర్య కఠినమే. ఇంకా చీకటి ఉండగానే తండ్రి లేపి సంస్కృత శబ్దాలు వల్లె వేయించేవాడు. సూర్యోదయానికి ఉపనిషత్తులు పఠించి, పాలు తాగి, ఇద్దరూ షికారుకు పోయేవారు. యాభై అయిదేళ్ళు దాటిన తండ్రి నడకను పన్నెండేళ్ళ రవి అందుకోలేక మధ్యలోనే అడ్డదారిన ఇంటికి చేరేవాడు. తరువాత మంచుచల్లని నీటితో స్నానం. వేన్నీళ్ళు కలపడానికి వీలులేదు. ఇది కొంచెం ఎక్కువేనని ఎవరికైనా అనిపించక మానదు. మధ్యాహ్నం ఇంగ్లీషు పాఠానికి కూర్చోగానే రవికి కునుకు వచ్చేది. తండ్రి జాలిపడి వదిలివేసేవాడు. వదిలిన మరుక్షణం ఆ నిద్ర ఏమయ్యేదో ఏమో! ఇనుపపొన్ను వేసిన కర్ర పట్టుకొని కొండల్లోకి ఉడాయించేవాడు.

ఇంటి దిగువన దేవదారు అడవి. వందల ఏళ్ళ వయసున్న ఆ మహావృక్షాల నడుమ పిల్లవాడు ఒంటరిగా తిరిగేవాడు. లోయలు లోతైనవి. దారులు ఇరుకైనవి. తండ్రికి ఆందోళన ఉండదా? కాని ఏనాడూ వద్దనలేదు. తప్పటడుగు పడుతుందన్న భయంతో కొడుకు స్వేచ్ఛను ఆపడం ఆయన స్వభావం కాదు. కొన్నేళ్ళ తరువాత రవీంద్రుడు ఎడ్లబండిమీద పెషావరు దాకా పోవాలని సంకల్పిస్తే ఇంట్లో అందరూ వెక్కిరించారు. ఒక్క తండ్రి మాత్రం అది మంచి ఆలోచన అని, తాను కాలినడకన, గుర్రంమీద చేసిన ప్రయాణాల ముచ్చట్లు చెప్పాడు.

కొన్ని నెలల తరువాత దేవేంద్రనాథుడు కొండలమీదనే ఉండిపోయి, కొడుకును పరిచారకుని వెంట ఇంటికి పంపాడు. తిరిగివచ్చిన రవి పాత రవి కాదు. సాయంకాలాలు మేడమీద తల్లి చుట్టూ చేరిన ఆడవారికి గ్రహాల సంగతులు చెప్పి ఆశ్చర్యపరిచేవాడు. బడి మాత్రం అతనికి ఎన్నడూ రుచించలేదు. తల్లి 1875లో మరణించింది. తండ్రి మళ్ళీ తన సంచారాలలో మునిగిపోయాడు. తండ్రితో అతడు ఏకాంతంగా గడిపిన కాలం ఆ కొద్ది నెలలే.

రవీంద్రుడు పెరిగి పెద్దవాడై దేశం గర్వించే కవి అయ్యాడు. 1913లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందాడు. కాని అంతకు ముందే, 1901 డిసెంబరులో, తాను రాళ్ళేరుకున్న ఆ ఎర్రనేలమీదనే అయిదుగురు పిల్లలతో ఒక చిన్న పాఠశాల తెరిచాడు. ఆ అయిదుగురిలో ఆయన కుమారుడు రథీంద్రనాథుడు ఒకడు. డబ్బు చాలక భార్య మృణాళినీదేవి తన నగలు ఇచ్చింది. పిల్లలు ఎవరి చాప వారు తెచ్చుకొని చెట్లకింద కూర్చొని చదువుకొనేవారు. గోడలు లేవు. దేవేంద్రనాథుడు 1905 జనవరిలో కన్నుమూశాడు. పాఠశాల పెరిగి 1921లో విశ్వభారతి అయింది. మన తెలుగువారిలో రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి మొదలైనవారు శాంతినికేతన్‌లో చదువుకొన్నారు. 2023లో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

1937లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, రవీంద్రుడు విశ్వపరిచయం అనే పుస్తకం రాశాడు. అది కవితాసంపుటి కాదు. పరమాణువులు, నక్షత్రాలు, సూర్యుడు, గ్రహాలు, భూమి గురించి బెంగాలీలో సులభంగా చెప్పిన విజ్ఞానగ్రంథం. దానిని భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చాడు. తనకు విజ్ఞానంమీద ఆసక్తి ఎప్పుడు కలిగిందో చెబుతూ, ఆ పుస్తకం మొదట్లో డల్హౌసీ కొండదారిలోని ఆ బంగళాను, చీకటిలో తండ్రి వేయించుకున్న కుర్చీని, వేలు చూపి చెప్పిన నక్షత్రాలను తలచుకున్నాడు. ఆ తరువాత నాలుగేళ్ళకు, 1941 ఆగస్టు 7వ తేదీన, జొరాసాంకో ఇంటిలోనే ఆయన మరణించాడు.