గాజుమేడల తోటమాలి

లండను మహానగరమును చుట్టివచ్చునట్లు పదిమైళ్ల గాజుకప్పు వేసి, దానిక్రింద ఇండ్లును, అంగళ్లును, రైలుమార్గములును నిర్మింపవలెనని 1855లో ఒకరు పార్లమెంటు ఉపసంఘమునకు పథకము సమర్పించిరి. ఆయన తోటమాలిగా జీవితమారంభించిన సర్ జోసెఫ్ పాక్స్టన్.

పాక్స్టన్ 1803లో ఇంగ్లండునందలి బెడ్‌ఫర్డుషైరులో రైతుకుటుంబమున ఏడవ కుమారుడుగా జన్మించెను. చదువు స్వల్పము. ఇరువదిమూడేండ్లయినను నిండకమునుపే, 1826లో, డెవన్‌షైరు డ్యూకు ఆయనను చాట్స్‌వర్తు ఉద్యానమునకు ప్రధానోద్యానపాలకునిగా నియమించెను.

ఉష్ణదేశపు మొక్కలు ఆ చలిలో బ్రతుకవు. గాజుగుండ సూర్యరశ్మి లోనికి వచ్చును. లోపల వేడెక్కిన గాలి సులభముగా వెలికి పోజాలదు. ఈ ధర్మము నాధారము చేసికొని 1836-40 నడుమ 277 అడుగుల పొడవుగల హరితగృహమును కట్టించెను. ఎండ చాలదు గనుక ఎనిమిది బాయిలరులు దానిని వెచ్చపరచెడివి. చాట్స్‌వర్తులో పెంచిన యొక అరటిజాతికి డ్యూకు వంశనామమైన కావెండిషు అను పేరు వచ్చెను. మన యంగళ్లలోని పొట్టి పచ్చయరటి ఆ జాతిదే!

అమెజాను ప్రాంతపు మహాకలువ బ్రిటనులో మొదటిసారి 1849లో ఆయన పెంపకముననే పూచెను. దాని యాకుపై తన చిన్నకుమార్తెను నిలువబెట్టగా ఆకు మునుగలేదు. అడుగున అల్లుకొన్న ఈనెల బలమును చూచి, పలుచని గాజుకప్పును సన్నని పట్టెలతో నిలుపు నేర్పునకు మెరుగు పెట్టుకొనెను.

మరుసటియేట, లండను మహాప్రదర్శనకై వచ్చిన 245 నమూనాలును నిరాకృతములయ్యెను. అప్పుడు పాక్స్టన్ ఒక రైల్వేసంఘపు సమావేశమున కూర్చుండియే అద్దుడుకాగితముపై తన యూహను గీసెను. అదియే 1851 నాటి స్ఫటికసౌధము. పొడవు 1848 అడుగులు. హైడుపార్కునందలి పెద్ద ఎల్ముచెట్లను నరుకవలదని ప్రజలు పట్టుపట్టగా, కమానుకప్పు నెత్తి వానిని లోపలనే నిలిపిరి. ఇల్లు కట్టుటకు ముందు చెట్టు కొట్టుట లోకరీతి. ఇచ్చట చెట్టుకొరకు కప్పే పైకి లేచినది. ఈ ఘట్టము మాకు మిక్కిలి ప్రియము. వేడిమి తగ్గుటకు కప్పుపై గుడ్డ పరచి, గోడలకు తెరచి మూయదగు పలకలమర్చిరి. మన యెండలకైనచో అదియు చాలదు, కుమ్మరి యావమే యగును! వాననీరు బోలుస్తంభముల గుండ క్రిందికి దిగెడిది.

మొక్కలను కాపాడిన గాజు మనుష్యులనేల కాపాడదన్న తలంపే 1855 పథకమునకు మూలము. లండను పొగ సోకని గాలిలో దుర్బలులు సైతము చలికాలము గడుపవచ్చునని ఆయన యాశ. వ్యయము 3 కోట్ల 40 లక్షల పౌనులని యంచనా, అది కట్టబడలేదు. పాక్స్టన్ 1865లో మరణించెను. చాట్స్‌వర్తు హరితగృహమును 1920లో కూల్చిరి. సిడెనహామునకు తరలించిన స్ఫటికసౌధము 1936లో దగ్ధమయ్యెను.

1970 దశకమున స్వీడనులో బెంగ్ట్ వార్న్ అను వాస్తుశిల్పి హరితగృహము నడుమ ఇల్లు కట్టెను. అందు మనుష్యులును మొక్కలును ఒకే గాజుకప్పు క్రింద నివసించిరి.