పదాన్ని కాపాడిన ఇల్లు: బాలసరస్వతి జీవితం

గడచిన జనవరిలో మన సంఘం ఆడపిల్లలను ఏడుగురిని వెంటబెట్టుకొని చెన్నపట్నంలో ఒక నాట్యోత్సవానికి వెళ్లివచ్చాము. అందరూ నాలుగైదేళ్లుగా భరతనాట్యమో కూచిపూడో నేర్చుకుంటున్నవారే. రైలులో పులిహోర పొట్లాలు విప్పకముందే నోటుపుస్తకాలు విప్పారు. ఏ రోజు ఏ నర్తకి, ఏ వర్ణం, ఏ తాళం అని వరుసగా రాసుకున్నారు. సభలో కూర్చున్నాక వారి శ్రద్ధ చూచి మాకు ముచ్చట వేసింది. వర్ణంలో తీర్మానం వచ్చినప్పుడల్లా ఒళ్లో వేళ్లు తాళం లెక్కపెడుతూనే వున్నవి. వర్ణం ముగిసింది, చప్పట్లు మారుమోగినవి. అటుతరువాత నర్తకి నేలమీద కూర్చుని క్షేత్రయ్య పదం ఒకటి అందుకున్నది.

సభలో చాలామంది కాఫీకి లేచారు. మన పిల్లలు ఆరుగురూ లేచారు. అందరిలోకీ చిన్నది మాత్రం కూర్చునే వుండి, కాస్సేపటికి మా చెవి దగ్గరకు వంగి, ఆవిడ ఎవరిని కోప్పడుతున్నది, ఎందుకు కోప్పడుతున్నది అని అడిగింది. పాట తెలుగే, పిల్లా తెలుగు పిల్లే. అయినా అడగవలసి వచ్చింది. దాచడమెందుకు, మేము కూడా సగమే చెప్పగలిగాము.

ఆ రాత్రి బసకు చేరిన తరువాత పిల్లలకు బాలసరస్వతి కథ చెప్పాము. ఇంటిభాష తమిళమైన ఆ తల్లి తెలుగు పదాన్ని ఎలా నేర్చిందో, ఎలా నిలిపిందో మన కుటుంబాలకు తెలియవలసిన సంగతి గనుక ఈ ఉగాది సంచికలో దాన్ని రాస్తున్నాము.

బాలసరస్వతి 1918 మే 13న చెన్నపట్నంలో జన్మించారు. తల్లి జయమ్మాళ్ గొప్ప గాయని. అమ్మమ్మ వీణ ధనమ్మాళ్. ఆ పేరు వినని సంగీత రసికుడు లేడు. జార్జిటౌనులో ధనమ్మాళ్ ఇంట శుక్రవారం సాయంకాలం వీణ వినడానికి ఆనాటి మహా విద్వాంసులే వచ్చి నోరు మెదపకుండా కూర్చునేవారట. వారి వంశంలో పూర్వపు స్త్రీలు తంజావూరు కొలువులో పాడినవారు, ఆడినవారు. బాలసరస్వతి ఆ పరంపరలో ఏడవ తరమని చెబుతారు.

ఆ ఇంటి సొత్తు నగలు కాదు, పదాలు. క్షేత్రయ్య కృష్ణా మండలంలోని మువ్వ గ్రామంవాడు. మువ్వ గోపాలుని ముద్రతో పదాలు రచించి, పదిహేడవ శతాబ్దంలో దక్షిణదేశం తిరిగి, తంజావూరులో విజయరాఘవ నాయకుని ఆదరణ పొందాడు. నాయకరాజుల కొలువు తెలుగు కొలువు. తరువాత వచ్చిన మరాఠా ప్రభువులూ తెలుగును తోసిపుచ్చలేదు. అందుచేత కావేరీ తీరాన తమిళ ఇళ్లలో, ముఖ్యంగా ఆడవారి నోట, ఆ పదాలు తరతరాలు బ్రతికినవి. వాలాజాపేట బాలదాసు నాయుడు అనే అంధ విద్వాంసునికి పదాలలో ఎంత పేరంటే జనం ఆయనను పదం బాలదాసు అనే పిలిచేవారు. ఆయన వద్ద ధనమ్మాళ్ నేర్చుకున్నది. ఆమె నుంచి కూతుళ్లకు, మనుమరాళ్లకు దిగినవి. బృంద, ముక్త అనే సోదరీమణులు ఆ మనుమరాళ్లే. మన ప్రాంతాలలో చాలాచోట్ల మరుగునపడిన పదాలు ఆ ఒక్క ఇంట పాఠంగా నిలిచి వుండినవి. వలస వచ్చినవాడు పుట్టినవూరిలో పోగొట్టుకున్నది పరాయివారి పెట్టెలో దొరకడమంటే ఇదే గదా!

బాలకు మూడు నాలుగేళ్లప్పుడు వీధిలో పిచ్చివాడివంటి బిచ్చగాడొకడు వచ్చి, నోటికి వచ్చిన శబ్దాలు పాడుతూ గంతులు వేసేవాడట. పిల్ల వానితోపాటు ఆడేది. ఇంట్లోవారు మొదట నవ్వారు, తరువాత ఆలోచనలో పడ్డారు. ఆ కాలంలో ఆడపిల్లను నాట్యంలో పెట్టడం సామాన్యమైన నిర్ణయం కాదు. దేవదాసీ కుటుంబాల నాట్యంమీద నాగరికుల చిన్నచూపు పెరుగుతూ వున్నది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి శాసనసభలో తీర్మానం తెచ్చారు. 1947లో దేవాలయాలకు బాలికల సమర్పణను మద్రాసు రాష్ట్రంలో చట్టమే నిషేధించింది. ఆ సంస్కరణ వలన మేలు పొందినవారు వున్నారు, కాదనము. కాని కడిగిన నీళ్లతోపాటు చాలా విద్య కూడా వీధిలో పడిందన్నది మా అభిప్రాయం.

ఇక్కడ పిల్లలు గ్రహించవలసినదొకటి వున్నది. బాలసరస్వతికి నాట్యంమీద మనసు నిలిపినది పాఠం కాదు, చూపు. మైలాపూరు కపాలీశ్వరస్వామి ఆలయ నర్తకి గౌరి అమ్మాళ్ అభినయం చూచి, ఆ పసిపిల్ల తానూ అంతటిదాన్ని కావాలనుకున్నది. పెద్దయ్యాక ఆవిడవద్దనే అభినయం నేర్చుకున్నది. నాట్యోత్సవానికి వెళ్లిన విద్యార్థిని ఏమి చూడాలని మమ్మల్ని ఎవరైనా అడిగితే, గౌరి అమ్మాళ్‌ను బాల చూచినట్లు చూడమనే చెబుతాము.

గురువు కందప్ప పిళ్లె తంజావూరు సోదర చతుష్టయం వంశంవాడు. చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే ఆ నలుగురే నేటి భరతనాట్య కచేరీ క్రమాన్ని దిద్దినవారు. వారి వర్ణాలలో ఎన్నో తెలుగులోనే వున్నవి. కందప్ప కఠినుడు. అడుగు ఒకటి తప్పితే మళ్లీ మొదటినుంచి. నాలుగేళ్ల వయసున మొదలైన ఆ శిక్షణ మూడేళ్లు సాగి, 1925లో కాంచీపురంలో అమ్మవారి ఆలయంలో అరంగేట్రం జరిగింది. పిల్లకు అప్పటికి ఏడేళ్లు. ఈనాడు అరంగేట్రమంటే పందిళ్లకూ పట్టుచీరలకూ అయ్యే ఖర్చు తలచుకుంటే మాకు గుండె దడ పుడుతుంది. ఆ మాట మరొకమారు.

ఇక అభినయం దగ్గరకు వద్దాము. అసలు కథ అక్కడే వున్నది.

పదంలో ఒక్కొక్క పంక్తిని గాయకురాలు పది మారులు పాడవచ్చు. నర్తకి పది మారులూ ఒకటే చూపిస్తే అది అప్పచెప్పినట్లే అవుతుంది. ప్రతిసారీ భావం కొత్తగా పుట్టాలి. అది పుట్టాలంటే మాట లోపలి మెలిక తెలియాలి. మన ఇళ్లలో ఆడవారి మాట వినండి. వచ్చాడు అంటే వార్త. వచ్చాడులే అంటే విసుగు. వచ్చాడటే అంటే ఆత్రం. వచ్చాడుగా అంటే ఎత్తిపొడుపు. క్రియ ఒకటే, చివరి అక్షరం మారితే ఆడదాని మనసంతా మారిపోతుంది. క్షేత్రయ్య నాయికలు మాట్లాడేది ఈ భాషే. తెలుగు ఇంట పుట్టిన పిల్లకు ఇది ఉగ్గుపాలతో వస్తుంది. తమిళ ఇంట పుట్టిన బాల దీన్ని కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది.

నేర్పినవారిలో ఇద్దరు తెలుగు పెద్దలు. ఒకరు అభినయంలో దిట్ట అయిన చిన్నయ్య నాయుడు. మరొకరు కూచిపూడి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి. భాగవతులు మగవారికే పరిమితం చేసుకున్న విద్యను స్త్రీలకు బోధించి, ఏకపాత్ర నాట్యానికి బాట వేసిన పెద్దలలో శాస్త్రిగారు ముఖ్యులు. ఒక్క పంక్తి ఇస్తే దానికి అప్పటికప్పుడు అర్థంమీద అర్థం అల్లుకుంటూ పోవడంలో వారికి సాటి లేరని పేరు. బాల వారివద్ద నేర్చినది ఫలానా పదమని చెప్పడంకంటే, ముందుగా అనుకోకుండా సభలోనే భావం పుట్టించుకొనే ధైర్యమని చెప్పడం సరిగా వుంటుంది. వర్ణంలో కూడా ఆమె ఆ స్వాతంత్ర్యం తీసుకునేది. కూచిపూడికీ మువ్వకూ మధ్య దూరం కొద్దిపాటిదే. మువ్వలో పుట్టిన పదం తంజావూరుకు వలసపోయి, చెన్నపట్నం చేరి ధనమ్మాళ్ ఇంట దాగింది. ఆ పదానికి అభినయం చెప్పడానికి మూడు వందల ఏళ్ల తరువాత మువ్వ పక్కవూరినుంచి శాస్త్రిగారు చెన్నపట్నం వచ్చారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మాకు ఒళ్లు పులకరిస్తుంది.

1934లో బాల కలకత్తాలో ఆడింది. దక్షిణాది వెలుపల ఈ నాట్యాన్ని ఈ రూపంలో చూపడం అదే మొదటిసారి అంటారు. ఉదయశంకర్ ఆమె నాట్యానికి ముగ్ధుడై, తరువాత అల్మోరాలో తాను నెలకొల్పిన కేంద్రానికి కందప్పను పిలిపించుకున్నాడు. కందప్ప 1941లో కన్నుమూశాడు. గురువు పోయాడు, ఆరోగ్యం చెడింది, సభలవారు పిలవడం తగ్గింది. ఆ దశాబ్దంలో చాలాకాలం మహానర్తకి ఇంట మువ్వలు మూగబోయినవి.

సభలు తగ్గడానికి మరో కారణమూ వున్నది. శ్రీమతి రుక్మిణీదేవి 1935లో అడయారులో నర్తించి, 1936లో కళాక్షేత్రానికి అంకురార్పణ చేశారు. పెద్దింటి పిల్లలు నాట్యానికి రావడానికి ఆమె చేసిన సేవ తక్కువది కాదు. భాగవత మేళ నాటకాలను, అందులో మెలట్టూరు వేంకటరామ శాస్త్రి తెలుగు రచనలను, రంగస్థలానికి ఎక్కించిన కీర్తి కూడా ఆమెదే. అయితే శృంగారం పాలు తగ్గిస్తేనే నాట్యం గౌరవనీయమవుతుందని ఆమె తలచారు. బాలసరస్వతి ఒప్పుకోలేదు. శృంగారమే రసాలకు రాజు, భక్తి పండేది అందులోనే, దాన్ని కడిగి శుభ్రం చేయవలసిన అగత్యం లేదు అన్నది ఆమె పట్టు. గౌరి అమ్మాళ్‌కు ఇద్దరూ శిష్యురాళ్లే కావడం విశేషం. మా మటుకు మేము ఈ వివాదంలో బాల పక్షమే. నాయిక కోపాన్ని, అసూయను, ఆశను తీసివేస్తే క్షేత్రయ్యలో మిగిలేది మువ్వ గోపాలుని పేరు మాత్రమే.

మళ్లీ మంచిరోజులు వచ్చినవి. మ్యూజిక్ అకాడమీ కార్యదర్శి డాక్టర్ వి. రాఘవన్ పూనికతో 1953లో అకాడమీలో నాట్య పాఠశాల వెలసి, బాల అందులో బోధన చేపట్టారు. 1955లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మభూషణ్. 1961లో టోక్యో, 1962లో అమెరికా, 1963లో ఎడింబరో ఉత్సవం. తెలుగు అక్షరం తెలియని దేశాలలో, ఒంటికి హంగులు లేకుండా, ముఖమూ చేతులూ ఆధారంగా కూర్చుని పదం పట్టి సభలను నిశ్శబ్దం చేశారు. తమ్ములు రంగనాథన్ మృదంగం, విశ్వనాథన్ వేణువు. తల్లి జయమ్మాళ్ 1967లో మరణించేవరకూ ఆ ఇంటి పాటే ఆమె ఆటకు ఊపిరి. కొన్ని సమయాలలో ఆడుతూ తానే పాడేది.

1973లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. నర్తకికి ఆ బిరుదు దక్కడం అపూర్వం. సంగీతం తెలియని నాట్యం లేదని ఆమె జీవితమంతా చెప్పినదానికి అది ముద్ర. 1975లో తమిళ ఇసై సంఘం వేదికపై ఆమె భరతనాట్య క్రమాన్ని దేవాలయంతో పోల్చి చెప్పారు. అలరింపు గోపురం, జతిస్వరం అర్ధమండపం, శబ్దం మండపం. వర్ణంతో దేవుని సన్నిధి ప్రాంగణానికి చేరుతాము. పదం దగ్గర వాద్యాల హోరు అణగి, గర్భగుడి లోపలి చల్లదనంలో దేవునితో ఒంటరిగా నిలుస్తాము. తిల్లానా చివరి కర్పూర హారతి.

ఈ పోలిక విన్నప్పుడు మన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. తాము కాఫీకి లేచినది ఎక్కడినుంచో వారికి అప్పుడు తెలిసింది.

1976లో సత్యజిత్ రాయ్ ఆమెపై చిన్న చిత్రం తీశారు. కుర్రతనంలో కలకత్తాలో ఆమె నాట్యం చూచి మరువలేకపోయిన మనిషి ఆయన. అందులో సముద్రపు ఒడ్డున, గాలికి చీరకొంగు ఎగురుతూ వుండగా, కృష్ణుణ్ణి పిలిచే కన్నడ కీర్తన ఒకటి ఆమె అభినయిస్తారు. అప్పటికి ఆమెకు ఏబది ఎనిమిదేళ్లు. 1977లో పద్మవిభూషణ్ వచ్చింది. 1984 ఫిబ్రవరి 9న చెన్నపట్నంలోనే స్వర్గస్థులయ్యారు. కుమార్తె లక్ష్మి ఆ బాణీని కొనసాగించి 2001లో గతించారు.

మరునాడు సాయంకాలం మళ్లీ సభకు వెళ్లాము. ఆనాటి నర్తకి కూడా పదం పట్టింది. పిల్లలు ఏడుగురూ కదలలేదు. వారికి అంతా అర్థమయిందని మేము అనము. ఒక పిల్ల మాత్రం మెల్లగా పక్కదానితో, ఇది మా అమ్మమ్మ మా తాతయ్యతో మాట్లాడే తీరే అన్నది.

ఈ ఉగాది కార్యక్రమంలో పిల్లలు జతిస్వరం, తిల్లానా ఆడుతున్నారు. పదం లేదు. మొదట ప్రశ్న అడిగిన చిన్నపిల్ల ఆదివారం ఉదయాలు మన సంఘంలోని ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లి, ఒక పదానికి మాటమాటా అర్థం చెప్పించుకుంటున్నది. నెలన్నర అయింది. ఇప్పటికి పల్లవి దాటి, మొదటి చరణంలో సగం అయినదట.