రాయవేలూరు డాక్టరమ్మగారు

జబ్బు ముదిరితే రాయవేలూరు తీసుకుపొమ్మనడం మనవారికి పరిపాటి. అచ్చటి ఆసుపత్రిని నెలకొల్పిన డాక్టర్ ఐడా స్కడ్డర్ గారు 1870 డిసెంబరు 9న రాణిపేటలో మిషనరీ కుటుంబమున జన్మించిరి. తండ్రి వైద్యులైనను ఆమెకు ఆ వృత్తిపై మనసు లేకుండెను. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదనలోనున్న తమ భార్యలను చూడమని ఆమెను వేడుకొనిరి. ఆమెకు వైద్యము రాదు. తండ్రిగారు వత్తుమన్నను పరపురుషుడని వారు సమ్మతింపలేదు. తెల్లవారుసరికి ముగ్గురు తల్లులును మరణించిరి.

ఆమె అమెరికాలో చదివి, 1899లో కార్నెల్ నుండి పట్టా పొంది తిరిగివచ్చిరి. 1902లో 40 పడకల ఆసుపత్రి వెలసెను. ఒక్క డాక్టరమ్మ ఎందరిని చూడగలదు? అందుచేత 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభించిరి. ఆడపిల్లలు నెగ్గుట కష్టమని అధికారులు శంకించిరి గాని, మొదటి తరగతిలోని 14 మందియు మొదటి పరీక్షలో ఉత్తీర్ణులైరి.

అసలు గండము 1930ల చివర వచ్చెను. ఇకపై విశ్వవిద్యాలయ పట్టా ఉండవలెనని మద్రాసు ప్రభుత్వము నిర్ణయించెను. పడకలు, ప్రయోగశాలలు, పెద్ద చదువుల ఆచార్యులు లేనిదే గుర్తింపు రాదు, పాఠశాల మూతబడును. డెబ్బదియేండ్ల వయసులో ఆమె అమెరికా వెళ్లి చందాలు అడిగిరి. పురుషులను చేర్చుకొనుట కొందరు పాత స్నేహితురాండ్రకు గిట్టలేదు. ఆ నొప్పిని ఆమె ఓర్చుకొనిరి. నా దృష్టిలో ఆసుపత్రి కట్టుటకన్న ఇదే కష్టమైన పని.

1942లో మద్రాసు విశ్వవిద్యాలయము ఎం.బి.బి.ఎస్. తరగతులకు అనుమతించెను. 1946లో నర్సులకును డిగ్రీ చదువు వచ్చెను. 1947లో పురుష విద్యార్థులు చేరిరి. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ఆమె కన్నుమూసిరి.